ఉయ్యూరు నుంచి నాన్నగారికి

ఉయ్యూరు,
సోమవారం రాత్రి

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. పెద్దమ్మ బాగానే ఉంది, మోకాళ్ల నొప్పులు మాత్రం తగ్గలేదు. వీరమ్మ తల్లి తిరునాళ్లు జరుగుతున్నాయి కదా, బస్టాండు నుంచి ఇంటికి రావడానికే చాలాసేపు పట్టింది. రోడ్డంతా జనం. తడి బట్టలతో గండదీపాలు మోసే ఆడవాళ్లు, జీళ్ల దుకాణాలు, రంగులరాట్నాలు. ఆ రద్దీలోనే చెరుకు ట్రాక్టర్లు హారన్ కొట్టుకుంటూ ఫ్యాక్టరీ వైపు పోతున్నాయి.

మీరు అప్పజెప్పిన పని సంగతి రాస్తాను. అమ్మ పేరున దాచిన డబ్బు పేదవాళ్ల ఆపరేషన్లకే చేరాలన్నారు. టాంజానియా నుంచి బావ రాసిన ఉత్తరాన్ని బస్సులో మళ్లీ చదివాను. దార్ ఎస్ సలాంకు చాలా దూరాన ఉన్న ఆ పల్లె ఆసుపత్రికి హెర్నియాతో ఏళ్ల తరబడి పొలం పనికి పోలేని మగవాళ్లు వస్తారట. కాన్పు కష్టమై, రెండు రోజులు నొప్పులు పడ్డాక ఎవరి సైకిలు మీదో వచ్చే ఆడవాళ్లుంటారట. ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని పంపితే చాలు, మిగతాది ఆసుపత్రి చూసుకుంటుందని బావ అంటున్నాడు. ముందు మన ఊళ్లో ఎలా జరుగుతోందో చూసి రమ్మన్నారు మీరు. చూడాల్సింది ఎదురింట్లోనే కనిపించింది.

పెద్దమ్మ ఇంటి ఎదురుగా ఉండే అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. గడప దాటాలంటే గోడ పట్టుకుంటుంది. ఆపరేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదని ఆమెకు తెలుసు. కార్డు ఉంది, క్యాంపులో పరీక్ష చేసి రాసిచ్చిన చీటీ కూడా ఉంది. మరి ఎందుకు వెళ్లలేదని అడిగితే, "మినుము తీత అయిపోనీ అమ్మా" అంది. మినుము తీసేది ఆమె కాదు, కోడలు. అత్తకు తోడు వెళ్తే కోడలికి ఆ రోజు కూలి పోతుంది, మర్నాడు కట్టు విప్పించడానికి ఇంకో రోజు, మళ్లీ చూపించుకు రమ్మంటే ఇంకో రోజు. బడి నుంచి వచ్చే మనవడికి అన్నం పెట్టేవాళ్లుండరు. పోయినేడు కూడా మినుము తీత అడ్డం వచ్చిందట. ఆ తరవాత ఎండలు, ఆ పైన నాట్లు.

మన రాష్ట్రంలో ఆపరేషన్ ఖర్చు గురించి జరిగిన పోరాటం చిన్నదేమీ కాదు. గుండెకో మెదడుకో రోగమొస్తే ఎమ్మెల్యే దగ్గర చీటీ రాయించుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం హైదరాబాదు తిరిగిన రోజులు మీకు గుర్తుంటాయి. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది, 2008 జులై కల్లా రాష్ట్రమంతటికీ వచ్చింది. పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారింది కానీ ఇక్కడ అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ కార్డనే అంటున్నారు. ఆసుపత్రి గుమ్మంలో కాగితాలు చూసిపెట్టే ఆరోగ్యమిత్రను పెట్టడం దాంట్లో నాకు బాగా నచ్చిన సంగతి. ఇంకొకటి 2019 డిసెంబరులో గుంటూరులో ప్రారంభించిన ఆరోగ్య ఆసరా. ఆపరేషన్ అయ్యాక ఇంటి దగ్గర కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలన్నది ఆ పథకం. లక్షల ఖర్చు ముందు 225 రూపాయలు ఎంతని అనిపిస్తుంది. కూలి మీద బతికే ఇంట్లో మాత్రం మనిషి మంచం మీద ఉన్న వారం రోజులూ పొయ్యి వెలిగేది దానితోనే.

రేపు అవ్వనూ కోడలినీ తాడిగడప కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. కోడలి కూలి నేనిస్తానన్నాను, పెద్దమ్మ పిల్లవాడిని చూస్తానంది. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

మీ అమ్మాయి

ఉయ్యూరు,
బుధవారం

నాన్నగారూ,

అవ్వకు ఒక కన్ను అయింది. రెండోది కొన్నాళ్లాగి చేస్తారు. ఆపరేషన్‌కు పట్టిన సమయం కంటే మేం కంకిపాడు దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన సమయమే ఎక్కువ.

బందరు రోడ్డు మీద కంకిపాడు, ఈడుపుగల్లు, గంగూరు, పెనమలూరు, పోరంకి దాటితే తాడిగడప. ఈ దారిలో ఒక సంగతి మీకు చెప్పాలి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి స్థాపించిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు ఈ పక్కనే ఉన్న చోడవరంలో 1945లో పుట్టారు, ఈడుపుగల్లు బడిలో మొదటి అక్షరాలు దిద్దారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో స్థిరపడదగినంత పేరు తెచ్చుకుని, అన్నీ వదిలి వచ్చి 1987లో హైదరాబాదులో ఆసుపత్రి తెరిచారు. దానికి సాయం చేసిన సినిమా ఎల్.వి. ప్రసాద్ గారిది ఏలూరు పక్క సోమవరప్పాడు. తాడిగడపలో మేం వెళ్లింది ఆ ఆసుపత్రి శాఖకే, ఆ కోడె వెంకటాద్రి చౌదరి ప్రాంగణం 2011లో వచ్చింది.

అక్కడ డబ్బు ఎలా తిరుగుతుందో అడిగి తెలుసుకున్నాను. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గర తీసుకున్న రుసుముతో ఇచ్చుకోలేనివాళ్లకు చేస్తారు, దాతల సొమ్ము దానికి తోడవుతుంది. మొదటి నుంచీ సుమారు సగం మందికి ఉచితంగానే చేయాలన్నది వాళ్ల నియమం. మదురైలో వెంకటస్వామి గారు 1976లో పదకొండు మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రిదీ ఇదే పద్ధతి. 1992లో వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి కంటిలో అమర్చే లెన్సును ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టాక, విదేశాల నుంచి వచ్చే వంద డాలర్ల వస్తువు పది డాలర్లకు దిగింది. ఆఫ్రికా ఆసుపత్రులకు కూడా ఆ లెన్సులు వెళ్తున్నాయి. ఒక్కో రోగికి ఒక్కో దాతను వెతికి ఎన్ని వేల మందిని చేరగలం? వస్తువు ధర తగ్గించడమంటే ముఖం తెలియని లక్షల మందికి ఒకేసారి దానం చేసినట్టు.

ఇంకా ముఖ్యమైనది నాకు ఊళ్లలోని చిన్న కేంద్రాలు. యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, అలాంటివి పదింటికి, అంటే అయిదు లక్షల మందికి, ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ఒకటి. విజన్ సెంటర్లో కూర్చునేది డాక్టరు కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్ చదివిన అమ్మాయికో అబ్బాయికో ఏడాది శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. అద్దాలతో సరిపోయే వాళ్లకు అక్కడే ఇస్తారు, ఆపరేషన్ కావాల్సిన వాళ్లను పైకి పంపుతారు. దీనివల్ల ఎంతమందికి బస్సు ఖర్చు తప్పిందో ఆలోచించండి. ఎదురింటి అవ్వ మినుము తీత అని వాయిదా వేసుకుంటూ పోతే, ఇంటికొచ్చి మళ్లీ మళ్లీ గుర్తుచేసేది కూడా తెలిసిన ముఖమే అవుతుంది.

ఈ ఆసుపత్రి వాళ్లే లైబీరియా ప్రభుత్వంతో కలిసి 2017లో మన్రోవియాలోని జాన్ ఎఫ్. కెనెడీ మెడికల్ సెంటర్లో కంటి కేంద్రం తెరిచారు. ఎబోలా తాకిడికి ఆ దేశంలో ఆసుపత్రులు చితికిపోయి కొన్నేళ్లే అయింది. ఇక్కడి వాళ్లు అక్కడికి వెళ్లి పని చేస్తూ, అక్కడి వాళ్లకు పని నేర్పుతున్నారు. ఈ సంగతి వినగానే బావ ఉత్తరాన్ని కొత్తగా చదివినట్టయింది. ఆఫ్రికాలో ఆపరేషన్‌కు డబ్బు పంపడం ఎక్కడో దూరదేశపు దాతల పనని అనుకుంటూ వచ్చాను. మన పెనమలూరు పక్క పల్లెటూళ్ల నుంచి మొదలైన దారి ఇప్పటికే అక్కడిదాకా పోయింది.

తిరుగు బస్సులో మరో బస్సు గుర్తొచ్చింది. ఛేజ్ ఆడమ్ అనే అమెరికా కుర్రవాడు కోస్టారికాలో స్వచ్ఛంద సేవకుడిగా ఉన్నప్పుడు, బస్సులో ఒక తల్లి ఎక్కి కొడుకు వైద్యానికి డబ్బు అడిగిందట. కాగితాలు చూపించిందని అందరూ తలో చెయ్యీ వేశారట. ఆ బస్సు అప్పుడు వాట్సీ అనే ఊరి దగ్గర ఉంది. 2012లో అతను ఆ ఊరి పేరుతోనే సంస్థ పెట్టాడు. రోగి ఫొటో, జబ్బు, ఆపరేషన్‌కు ఎంత కావాలో చూపిస్తే, చదివినవాళ్లు అయిదో పదో డాలర్లు వేస్తారు. కెన్యా, ఉగాండా, టాంజానియా పల్లెల రోగులకు అలా ఆపరేషన్లు జరిగాయి. మన పల్లెవెలుగు బస్సుల్లోనూ ఫైలు పట్టుకుని ఎక్కే తల్లులను చూస్తూనే ఉంటాం. ఆ కుర్రవాడు ఆ చేయి చాపడంలోని అవమానాన్ని చాలావరకు తీసేశాడు, లెక్క బయటపెట్టాడు. అందుకు అతనంటే నాకు గౌరవం. అయినా ఫొటోలో ఉండేది ఆసుపత్రి గుమ్మం దాకా రాగలిగిన మనిషే. మినుము చేలో ఆగిపోయిన వాళ్ల ఫొటో ఎవరు తీస్తారు?

అవ్వ కట్టు విప్పాక మనవడి ముఖం కంటే ముందు తన చేతులు చూసుకుంది. ఇంత ముడతలు పడ్డాయా అని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకుంది.

మీ అమ్మాయి

గుంటూరు,
శుక్రవారం

నాన్నగారూ,

ఇక్కడికి రావడం అనుకోకుండా జరిగింది, పెద్దమ్మ చుట్టాలింటి శుభకార్యం. అదే పనిగా వెళ్లి కుగ్లర్ ఆసుపత్రి చూశాను. తాతమ్మ పుట్టింటి వాళ్లు దాన్ని దొరసాని ఆసుపత్రి అనేవారని మీరు చెప్పేవారు.

ఆనా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. డాక్టరు చదువు చదివిన మనిషిని లూథరన్ మిషన్ వాళ్లు మొదట బడిపంతులమ్మగానే పంపారు. జనమే ఆమెను డాక్టరమ్మను చేశారు. అమెరికాలో చర్చి ఆడవాళ్లు చిల్లర కూడబెట్టి పంపిన డబ్బుతో 1898లో ఆసుపత్రి తెరిచారు. మగ డాక్టరు దగ్గరికి పోలేక కాన్పుల్లో పోతున్న మన ఆడవాళ్లకు అది ఆదుకున్న చోటు. ఆ చిల్లర పంపిన వాళ్లలో గుంటూరు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? ఇవాళ మనకు టాంజానియా పల్లె ఎంత దూరమో, ఆనాడు వాళ్లకు మనం అంత దూరం.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి మాత్రం ఏలూరు జమీందారు రాజా భుజంగరావు గారు. తన ఇంట్లో వాళ్లకు వైద్యం జరిగిందన్న కృతజ్ఞతతో ఆయన ఏదైనా ఇవ్వవచ్చు, ఆపరేషన్ గదికి తన పేరు చెక్కించుకోవచ్చు. ఆయన ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. రోగి వెంట వచ్చిన వాళ్లు పడుకోవడానికి, తమ ఆచారం ప్రకారం వండుకోవడానికి చోటు. పరాయి మతం వాళ్ల ఆసుపత్రికి వెళ్తే తిండి ఎలా అని వెనకాడే కుటుంబాలకు ఆ సత్రమే తలుపు తెరిచింది. పల్లె నుంచి బండి కట్టుకుని వచ్చేవాళ్లకు ఏం అడ్డుపడుతుందో ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆయన ఆ పల్లెల మనిషి.

మీ అమ్మాయి

ఉయ్యూరు,
ఆదివారం ఉదయం

నాన్నగారూ,

నిన్న విజయవాడ మీదుగా వచ్చాను. అక్కడి ఆంధ్రా హాస్పిటల్స్‌లో ఇంగ్లండు నుంచి హీలింగ్ లిటిల్ హార్ట్స్ అనే సంస్థ డాక్టర్లు వచ్చి పసిపిల్లలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసి వెళ్తుంటారు, మహేష్ బాబు సాయంతో వెయ్యి మందికి పైగా పిల్లలకు జరిగాయి. ఇది అందరికీ తెలిసిందే కనుక ఎక్కువ రాయను.

రాత్రి కూర్చుని, ప్రపంచంలో ఆపరేషన్లు ఎవరికి అందుతున్నాయో చూసి 2015లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ ఇచ్చిన నివేదిక మళ్లీ చదివాను. ప్రపంచంలో 500 కోట్ల మందికి సరైన ఆపరేషన్ అందుబాటులో లేదని చెప్పింది అందులోనే. అదే నివేదికలో ఇంకో లెక్కుంది. ఆపరేషన్‌కూ మత్తుకూ డబ్బు కట్టి ఏటా 3.3 కోట్ల మంది కుదేలవుతుంటే, ప్రయాణం, తిండి లాంటి వైద్యేతర ఖర్చుల వల్ల కుదేలయ్యేవాళ్లు ఇంకో 4.8 కోట్లు. కత్తికి పెట్టిన డబ్బు కంటే దారికి పెట్టిన డబ్బే ఎక్కువమందిని ముంచుతోంది. ఎదురింటి కోడలికి ఈ నివేదిక చదివి వినిపించే పని లేదు.

మొజాంబిక్ సంగతి కూడా చదివాను. స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ డాక్టర్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. 1984 నుంచి ఆ ప్రభుత్వం వైద్య సహాయకులకు మూడేళ్లు ఆపరేషన్ చేయడం నేర్పింది. జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్లు ఎక్కువగా చేసేది వాళ్లే. పరిశోధకులు ఏడేళ్ల తరవాత చూస్తే వాళ్లలో చాలామంది ఆ జిల్లాల్లోనే ఉన్నారు, అక్కడికి పంపిన డాక్టర్లు మాత్రం ఒక్కరూ మిగల్లేదు. తాడిగడపలో విన్న విజన్ సెంటర్ అమ్మాయే గుర్తొచ్చింది నాకు.

అందుకని నా ఆలోచన ఇది, మీకు నచ్చకపోతే చెప్పండి. డబ్బులో సగం బావ చెప్పిన ఆసుపత్రికే పంపుదాం. ఆపరేషన్‌కు ఇంత అని మాత్రం కట్టవద్దు. అందులో ఒక భాగం రోగికీ తోడు మనిషికీ రానూపోనూ ఛార్జీలకు, అక్కడున్నన్నాళ్లూ తిండికి, కుట్లు విప్పాక మరో చూపుకు అని విడిగా రాయించాలి. ఇంకో భాగం మత్తు ఇవ్వడం నేర్చుకునే స్థానికుడి చదువుకు. సర్జన్ ఉండి మత్తు ఇచ్చేవాళ్లు లేక వెనక్కి పంపే రోజులుంటాయని బావే రాశాడు కదా. మిగతా సగం ఇక్కడ, ఉయ్యూరు చుట్టుపక్కల ఆపరేషన్‌కు చీటీ రాయించుకుని ఆగిపోయిన వాళ్ల తోడు మనుషుల కూలికి. ఆ జాబితా ఆశా కార్యకర్తల దగ్గర ఉంటుంది. నిన్న ఇద్దరితో మాట్లాడాను, పేర్లు వాళ్ల నాలుక చివరే ఉన్నాయి.

అమ్మ పేరు ఎక్కడా రాయించవద్దని మీరన్నారు, ఆ మాట అలాగే ఉంచాను. బావకు ఉత్తరం రాసి పెట్టాను, మీరు సరే అంటే పంపుతాను. గత ఏడాది ఆపరేషన్ తేదీ ఇచ్చాక రానివాళ్లు ఎంతమంది, వాళ్లు ఎందుకు రాలేదని ఆసుపత్రి వాళ్లు ఎప్పుడైనా వెళ్లి అడిగారా అన్నదే అందులో మొదటి ప్రశ్న. జవాబు వచ్చాకే డబ్బు పంపుదాం. అవ్వ రెండో కంటికి తేదీ ఇచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను, తోడు వెళ్లడానికి పెద్దమ్మకు మోకాళ్లు సహకరించవు.

మీ అమ్మాయి