పొయ్యి ఎక్కిన పచ్చ సాల్సా

అమెరికాలో మెక్సికన్ హోటల్‌కి వెళ్లినవాళ్లకి సాల్సాని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కూర్చోగానే చిప్స్ బుట్టా, రెండు చిన్న గిన్నెలూ తెచ్చి పెడతారు. ఒకదాంట్లో ఎర్రది, రెండోదాంట్లో ఆకుపచ్చది. అసలు భోజనం వచ్చేలోగా నంజుకోవడానికి. ఆ ఆకుపచ్చదాన్ని, అంటే సాల్సా వెర్దేని, ఆ చిన్న గిన్నెలో రుచి చూసి అక్కడే వదిలేసేవాళ్లని చూస్తే నాకు మనసొప్పదు. మెక్సికో ఇళ్లలో దాని చోటు పొయ్యి మీద. పొద్దున గుడ్లు అందులో ఉడుకుతాయి. నిన్నటి రొట్టెలు అందులో మెత్తబడతాయి. మధ్యాహ్నం మాంసం అందులోనే మగ్గుతుంది. ఆదివారం నాడు దానికి కావాల్సిన కాయలు ఒక కిలో ఉడకేసి రుబ్బి పెట్టుకున్న ఇంట్లో సగం వారం వంట అయిపోయినట్టే. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి ఇంతకన్నా తేలికైన పరదేశపు వంట నాకు ఇంకోటి తారసపడలేదు.

ఈ సాల్సాకి ప్రాణం టొమాటియో. ఆకుపచ్చగా, గట్టిగా, ఒంటి చుట్టూ పల్చటి ఎండు పొరతో ఉండే కాయ. మన చేలగట్ల మీద కుప్పంటి అనీ, బుడ్డకాశ అనీ పిల్లలు పొర చించుకుని తినే చిట్టి పండు ఉంది కదా, అదీ ఇదీ ఒకే ప్రజాతి, ఫిజాలిస్. చాలా పాత వంశం. దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియాలో 5 కోట్ల 20 లక్షల ఏళ్ల నాటి ఫిజాలిస్ కాయ శిలాజం దొరికిందని 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ కాయ చుట్టూ ఉన్న పొర, పొర మీది ఈనెలతో సహా రాతిలో నిలిచిపోయింది.

మెక్సికో వాళ్లకిది స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్న తిండి. 16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సహగూన్ అనే క్రైస్తవ సన్యాసి అక్కడి నహువా జాతి పెద్దల్ని కూర్చోబెట్టుకుని వాళ్ల జీవితమంతా పన్నెండు పుస్తకాలుగా రాయించాడు. అందులో సంతలో సాల్సాలు అమ్మేవాళ్ల గురించి ఉంది. మిరపకాయలు, టొమాటియోలు, టమాటాలు, నూరిన గుమ్మడి గింజలు కలిపి రకరకాలుగా చేసి అమ్మేవాళ్లట. ఆ తర్వాత మిరపకాయ, టమాటా సముద్రాలు దాటి మనదాకా వచ్చాయి. ఇవాళ అవి లేకుండా మన వంటిల్లు లేదు. టొమాటియో మాత్రం అంతగా కదల్లేదు. ఇప్పుడు టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో ఉన్న తెలుగు ఇళ్లే దాన్ని మెక్సికన్ కొట్లలో కనిపెట్టి పప్పులోకి, రోటి పచ్చడిలోకి తెచ్చుకున్నాయి. మేం ఉండే హ్యూస్టన్‌లో టొమాటియో పప్పు వండని తెలుగు ఇల్లు నా ఎరుకలో లేదు. అది మంచి పప్పే. అయితే ఆ కాయని దాని పుట్టింటి పద్ధతిలో కూడా వండుకోవాలని నా కోరిక.

కొనేటప్పుడు పొర నిండా కాయ ఉన్నవి, ముట్టుకుంటే గట్టిగా తగిలేవి ఏరుకోండి. మరీ పెద్దవాటికన్నా చిన్నవాటిలో రుచి ఎక్కువని నా అనుభవం. పొర వలిస్తే లోపల కాయ జిగురుగా ఉంటుంది. కొందరు పాడైపోయిందనుకుని పారేస్తారు. పాడవలేదు, దాని తత్వం అంతే. గోరువెచ్చని నీళ్లతో కడిగితే పోతుంది. వలిచిన పొరల్ని కూడా మెక్సికోలో పారెయ్యని ఇళ్లున్నాయి. వాటిని నీళ్లలో మరగబెట్టి, ఆ నీళ్లతో బున్యెలో అనే పల్చటి తీపి అప్పాలకి పిండి కలుపుతారు. పిండి గుల్లగా వస్తుంది.

లెక్క చాలా చిన్నది. అర కిలో టొమాటియోలకి రెండు మూడు సెర్రానో మిరపకాయలు, చిన్న ఉల్లిపాయలో పావు ముక్క, రెండు వెల్లుల్లి రెబ్బలు, కాడలతో సహా గుప్పెడు కొత్తిమీర, ఉప్పు. సెర్రానో దొరక్కపోతే మన పచ్చిమిరప సరిపోతుంది, కారాన్ని బట్టి ఒకటి తగ్గించండి. జీలకర్ర వద్దు. నిమ్మరసమూ అక్కర్లేదు, ఆ కాయలో ఉన్న పులుపు చాలు. ఇంత తక్కువ సరుకుతో అంత రుచి ఎలా వస్తుందంటే, అంతా వండే తీరులో ఉంది.

పచ్చివే రుబ్బితే పదునుగా, చురుక్కుమనేలా ఉంటుంది. అది వేయించిన మాంసం మీద వేసుకోవడానికి. పెనం మీద నల్లటి మచ్చలు పడేదాకా కాల్చి రుబ్బితే పొగవాసనతో, కాస్త తియ్యదనంతో ఉంటుంది. నీళ్లలో ఉడికించి రుబ్బితే మెత్తగా, సౌమ్యంగా ఉంటుంది. వారానికి సరిపడా చేసి పెట్టుకోవడానికి నేను ఈ మూడోదాన్నే ఎంచుకుంటాను. కాయలూ మిరపకాయలూ మునిగేలా నీళ్లు పోసి ఉడకనివ్వాలి. నిగనిగలాడే ఆకుపచ్చ పోయి బండ పచ్చరంగు రాగానే దించెయ్యాలి. పగిలేదాకా ఉంచితే రసమంతా నీళ్లపాలవుతుంది. తర్వాత నీళ్లు వంచేసి మిగతావన్నీ కలిపి కచ్చాపచ్చాగా రుబ్బడమే. పాతకాలపు ఇళ్లలో దీనికి మోల్కహెతె ఉంటుంది, మూడు కాళ్ల నల్లరాతి రోలు. ముందు ఉప్పూ వెల్లుల్లీ మిరపా నూరి, ఆఖర్న కాయలు వేస్తారు. రోజువారీ పనికి అక్కడా మిక్సీయే. రెండు మూడు తిప్పులు చాలు, మరీ మెత్తనైతే గింజల పలుకు పోతుంది.

ఇక్కడిదాకా చాలామంది చేస్తారు. దీని తర్వాతి మెట్టు దగ్గరే హోటల్ గిన్నెకీ ఇంటి వంటకీ తేడా వస్తుంది. మందపాటి మూకుడులో ఒక పెద్ద చెంచా నూనె బాగా కాగనిచ్చి, రుబ్బిన సాల్సా మొత్తం ఒక్కసారే అందులో పొయ్యాలి. పెద్దగా చర్రుమని పొంగాలి. మా వీధిలో మెక్సికోలోని పుయెబ్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. ఆ చప్పుడు రాకపోతే ఆవిడ సాల్సా వెనక్కి తీసేసి మళ్లీ నూనె కాస్తారు. ఆ ఇంట్లో చాలా తరాల వాళ్లు పంది కొవ్వుతో చేశారు, ఆవిడ నూనెతో చేస్తున్నారు, చప్పుడు విషయంలో మాత్రం రాజీ లేదు. అలా పోసి సన్నటి సెగన ఏడెనిమిది నిమిషాలు కలుపుతూ ఉంచితే పచ్చి ఉల్లి వాసన పోయి, పులుపు గుండ్రబడి, రంగు ముదిరి, సాల్సా చిక్కబడుతుంది. అప్పుడే అది కూరకి ఆధారంగా నిలబడుతుంది. టొమాటియోలో పెక్టిన్ బాగా ఉంటుంది కాబట్టి చల్లారితే ఫ్రిజ్‌లో గడ్డకట్టినట్టు అవుతుంది. కంగారు పడొద్దు, కాస్త వేడి తగిలితే మళ్లీ జారుతుంది. నాలుగైదు రోజులు నిలవ ఉంటుంది.

ఇక వారం సంగతి. మొదటి పొద్దు చిలకీలెస్. టోర్టియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, నాలుగు ఐదు మిగిలిపోయి బిరుసెక్కుతాయి. వాటిని త్రికోణాలుగా కోసి వేయించి, వేడి సాల్సాలో వేసి రెండు సార్లు తిప్పి దించెయ్యాలి. పైన కాస్త మీగడ, పొడి చేసిన తెల్ల చీజ్, సన్నటి ఉల్లిచక్రాలు. గుడ్డు కావాలంటే గుడ్డు, నిన్నటి కోడిమాంసం పీచులుంటే అవి. ముక్కలు కరకరలాడుతూ ఉండాలా, నాని మెత్తబడాలా అనేది ఆ దేశంలో ఇంటింటా తెగని వాదం. నా ఓటు నడిమధ్యకి. అంచు కరకరలాడాలి, నడుము మెత్తబడాలి. అందుకే ఆఖరి నిమిషంలో కలపాలి, కలిపాక ఎవరి కోసమూ ఆగకూడదు. రాత్రంతా సాగే పెళ్లిళ్లలో తెల్లవారుజామున అతిథులకి వడ్డించేది కూడా ఇదే. మిగిలిన రొట్టెతో మొదలైన వంటకానికి అంత మర్యాద దక్కడం నాకు చాలా నచ్చుతుంది.

మధ్యాహ్నం భోజనానికి ఎంచిలాదాలు. మెక్సికోలో రోజు మొత్తానికి పెద్ద భోజనం అదే, రెండు నుంచి నాలుగు గంటల మధ్య. ఉల్లి, వెల్లుల్లి వేసి ఉడికించిన కోడిని పీచులుగా తీసి పెట్టుకోవాలి. ఆ నీళ్లు పారెయ్యకూడదు, సాల్సాని పల్చబరచడానికి అవే పనికొస్తాయి. టోర్టియాని వేడి నూనెలో అటూ ఇటూ ఒక్కసారి తిప్పి, సాల్సాలో ముంచి, కోడి పెట్టి చుట్టి, మీద ఇంకో గరిటె సాల్సా పోస్తే అయిపోయింది. ఇంటి పద్ధతిలో ఓవెన్ అక్కర్లేదు. నూనెలో తిప్పడం మాత్రం మానొద్దు, ఆ పూత లేకపోతే టోర్టియా సాల్సాని పీల్చేసి ముద్దైపోతుంది. మీగడా చీజూ దండిగా వేసి ఓవెన్‌లో కాల్చేవి ఎంచిలాదాస్ సూయిజాస్. మెక్సికో నగరంలో నీలి తెలుపు పింగాణీ పలకల ముఖద్వారంతో ఉన్న పాత భవనంలో, సాన్‌బోర్న్స్ అనే హోటల్ వాటికి పేరు తెచ్చింది. పండగ పూటకి అవి సరే.

ఓపిక లేని రోజున గుడ్లు. మూకుడులో గుడ్లు కొట్టి సగం గట్టిపడగానే సాల్సా పోసి మూతపెట్టడమే, పది నిమిషాల పని. మాంసం తినని ఇళ్లకి దీనికి సాటి వచ్చేది వేయించిన చీజ్ ముక్కల్ని సాల్సాలో వెయ్యడం. అక్కడ పనేలా చీజ్ వాడతారు, మన పనీర్ నిశ్చింతగా ఆ పని చేస్తుంది, రెండూ కరిగిపోని రకాలే. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో, మాంసం ముట్టని శుక్రవారాలకి ఉడికించిన బంగాళాదుంప ముద్దలో చీజ్ కలిపి, బిళ్లలుగా వేయించి ఇదే సాల్సాలో తేలుస్తారు. పక్కన ఒక గిన్నెడు ఉడికించిన బీన్స్ ఉంటే ఇక వేరే ఏమీ అడగరు.

వీటన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఆకుకూరతో చేసేది. మనం గంగవాయిలి అనీ, గంగపావిలి అనీ పప్పులో వేసుకునే కూరే అక్కడ వెర్దొలాగాస్. పంది మాంసాన్ని మెత్తగా ఉడికించి, సాల్సా వెర్దే పోసి, ఆఖర్న ఈ ఆకు గుప్పిళ్ల కొద్దీ వేసి అయిదు నిమిషాలు మగ్గిస్తారు. ఆకులోని సన్నటి పులుపు, కాడలోని జిగురు ఆ రసానికి చేరి ఒక నిండుతనం వస్తుంది. కోడి తొడ ముక్కలతో చేసినా బాగుంటుంది. మాంసమే లేకుండా బంగాళాదుంపతో చేసినా వెలితి ఉండదు. మెక్సికన్ కొట్లలో ఈ కట్టలు చూసి కూడా వండకుండా వచ్చే తెలుగువాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇంత మామూలు తిండిని శ్రద్ధగా కాగితం మీద పెట్టినవాళ్లు ఉన్నారు. హోసెఫీనా వెలాస్కెస్ దె లియోన్ 20వ శతాబ్దం మధ్యలో మెక్సికో ఊళ్లు తిరిగి, ఆడవాళ్ల దగ్గర కూర్చుని, ప్రాంతాల వారీగా వంటల పుస్తకాలు వేసింది. ఇంగ్లండ్‌లో పుట్టి మెక్సికోలోనే స్థిరపడిన డయానా కెన్నెడీ 1972లో తన మొదటి మెక్సికన్ వంటల పుస్తకం ప్రచురించి, 2022లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది. యునెస్కో 2010లో సంప్రదాయ మెక్సికన్ వంటని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చినప్పుడు మిచోఆకాన్ రాష్ట్రపు వంటని నమూనాగా చూపారు. నా దృష్టిలో ఆ గౌరవం ఇళ్లలో రోజూ సాల్సా రుబ్బేవాళ్లది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి? డబ్బా సాల్సా కొనొచ్చు, కాగిన నూనెలో పోసి మగ్గిస్తే అది కూడా బాగుపడుతుంది. తాజాగా కావాలంటే పచ్చి టమాటాలు తీసుకోండి. మరీ పిందెలు వద్దు, ఎదిగి ఇంకా రంగు తిరగనివి. ఉడికించే బదులు పెనం మీద కాల్చండి, వాటి వగరు తగ్గుతుంది. దీనికి మాత్రం ఆఖర్న కాస్త నిమ్మరసం అవసరం. రుచి సరిగ్గా అదే రాదు, అయినా గుడ్లకీ పనీర్‌కీ కోడికీ బాగా నప్పుతుంది. టోర్టియాల విషయంలో సర్దుబాటు కష్టం. వాళ్లు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టి రుబ్బుతారు. ఆ సున్నం వల్లే ముద్ద సాగుతుంది, గింజలోని నయాసిన్ ఒంటికి పడుతుంది. మనకి దొరికే మామూలు మొక్కజొన్న పిండికి ఆ గుణం లేదు, చుట్టబోతే విరుగుతుంది. మొక్కజొన్న టోర్టియాలు దొరక్కపోతే వాటి జోలికి పోకుండా, సాల్సాలో వండిన కోడినో గుడ్లనో వేడి అన్నంలో కలుపుకోండి. అన్నం మెక్సికో ఇళ్లలోనూ ఉన్నదే.

విత్తనాలు తెప్పించుకోగలిగితే పెరట్లోనో కుండీల్లోనో టొమాటియో వేసి చూడండి. టమాటాకి చేసే సేవ దీనికీ చాలు. ఒక్క మొక్క మాత్రం పెట్టకండి. దాని పుప్పొడి దానికే పనికిరాదు. పక్కన ఇంకో మొక్క, అటూ ఇటూ తిరగడానికి తేనెటీగలు ఉంటేనే కాయ పడుతుంది. కనీసం రెండు పెట్టండి.