చారులో పసుపు వేరు, సీసాలో పసుపు వేరు

కీమో మొదలైందని తెలిస్తే చాలు, చూడ్డానికి వచ్చేవాళ్లు పళ్లకి బదులు క్యాప్సూల్ సీసాలు తెస్తున్నారండీ! మా పెద్ద తోటికోడలికి రొమ్ము కాన్సర్. ఆవిడకి ఎక్కించే మందుల్లో ఒకటి దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. పేరు డాక్సోరూబిసిన్. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది. ముందే తెలియకపోతే రక్తమనుకుని హడలిపోతాం. కాన్సర్ మీద గట్టిగా పనిచేస్తుంది కానీ, మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరాన్ని దెబ్బతీసే ప్రమాదమూ ఉంది. అందుకే మొదలెట్టే ముందు ఎకో తీస్తారు, మొత్తం ఎంత ఇచ్చిందీ లెక్కపెట్టుకుంటూ ఉంటారు.

గుండె మాట మా ఆడపడుచు చెవిన పడింది. మర్నాడే పసుపు సారం, ద్రాక్షగింజల సారం తెచ్చేసింది. "మన వంటింట్లోదేగా వదినా, చెడు చేస్తుందా?" అంది.

తన మాట ఉత్తదేం కాదు. పసుపులోని కర్క్యుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ ఈ మందు ఇచ్చిన ఎలుకల గుండెని కొంత కాపాడినట్టు ప్రయోగాల్లో కనబడింది. మనుషుల్లో మాత్రం అంత గట్టి రుజువు లేదు. నా భయం ఇంకొకటి. 2002లో అమెరికాలో రొమ్ము కాన్సర్ గడ్డలున్న ఎలుకలకి కర్క్యుమిన్ కలిపిన మేత పెడితే, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఆ గడ్డల మీద సరిగా పనిచెయ్యలేదట. అక్కయ్యకి ఎర్రమందుతో పాటు ఎక్కించేది అదే! గుండెకి పట్టిన గొడుగు గడ్డకీ పడితేనో? పైగా ఆ క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కూడా ఉంది. అది కొన్ని మందులు లివర్‌లో విరిగే తీరునే మార్చేస్తుంది.

సీసాలన్నీ సంచిలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాను. "పప్పులో, చారులో పసుపు నిక్షేపంగా వెయ్యండి. పసుపులో కర్క్యుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్లు, అందులో ఒంటికి పట్టేది మరీ తక్కువ. సీసాలు మాత్రం కీమో అయ్యేదాకా వద్దు" అన్నారు. గుండెని కాపాడ్డానికి డెక్స్‌రజోక్సేన్ అని సెలైన్‌లో ఇచ్చే మందు ఉందిట, అవసరమైనవాళ్లకి వాళ్లే ఇస్తారుట. మనం చూసుకోవలసిందల్లా బీపీ, ఓపికున్న మేరకు నడక. ఆయాసం వచ్చినా, పాదాలు వాచినా, రెండు దిళ్లు లేనిదే పడుకోలేకపోయినా నీరసమేలే అని ఊరుకోకుండా వెంటనే చెప్పాలిట.

ఆడపడుచు రెండ్రోజులు మూతి ముడుచుకుంది. అక్కయ్యకి నోరు చేదుగా ఉందని ఇవాళ తనే నిమ్మకాయ పులిహోర కలిపింది. పసుపు కాస్త ఎక్కువే పడింది. అక్కయ్య రెండోసారి వడ్డించుకుంది.