నీటిరంగుల పెట్టె

చిత్రకళకు ఆరు అంగాలున్నాయని ప్రాచీనులు నిర్ణయించారు. వాత్స్యాయన సూత్రాలకు ‘జయమంగళ’ వ్యాఖ్య రచించిన యశోధరుడు వాటిని రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అని పేర్కొన్నాడు. వీటిలో చివరిదైన వర్ణికాభంగం రంగులను కలపడంలో, కుంచెను నడపడంలో అలవడవలసిన నేర్పు. ఆ నేర్పుకు రాజాస్థానాలూ చిత్రశాలలూ అక్కరలేదు. పుస్తకాల సంచిలో ఇమిడే చిన్న నీటిరంగుల పెట్టె చాలు.

అయినా పల్లెల్లో బొమ్మలు వేసే పిల్లలు చాలామంది పదవ తరగతితోనే కుంచెను పక్కన పెడతారు. చిత్రలేఖనం కలిగినవారి వేడుక అనీ, దాని సామగ్రి పట్టణాలకే చెందినదనీ వారికొక సంకోచం. మార్టూరునే తీసుకోవచ్చు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఈ ఊరు జాతీయ రహదారి మీద ఉంది. ఒకవైపు గ్రానైట్ పలకలు కోసి నునుపు చేసే కర్మాగారాలు, మరొకవైపు పత్తి, మిరప చేలు. అక్కడ ఇంటర్మీడియట్ చదివే రైతుబిడ్డకు రంగులపెట్టె పరాయి వస్తువుగా తోచవచ్చు. కాని అందులో ఏమున్నదో తెలిస్తే ఆ పరాయితనం నిలవదు.

నీటిరంగు అంటే మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి పట్టి ఉంచే జిగురు. ఆ జిగురు తుమ్మజాతి చెట్ల బంక. ప్రపంచ విపణికి అది ప్రధానంగా ఆఫ్రికాలోని సూడాన్ ప్రాంతం నుండి వస్తున్నా, నల్లరేగడి గట్ల మీద పెరిగే నల్లతుమ్మ ఆ చెట్టుకు చుట్టమే. రంగు ఎండి పెళుసెక్కకుండా గ్లిజరిన్‌నో తేనెనో కలుపుతారు. నీటిరంగులకు శ్రేష్ఠమైన కాగితం పత్తి నారతో తయారవుతుంది. పలుచని మామూలు కాగితం నీరు తగలగానే ముడుచుకుపోతుంది. దళసరి పత్తి కాగితం నీటిని ఓర్చుకొని రంగును నెమ్మదిగా స్వీకరిస్తుంది. పత్తి, తుమ్మబంక ఎరిగిన నేలకు ఈ కళ కొత్తచుట్టం కాదు.

రంగులు సంచిలోకి చేరడానికి కొంత చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండులో విలియం రీవ్స్ నీటిరంగులను బిళ్లలుగా చేసి అమ్మాడు. 1832లో లండన్‌లో స్థాపితమైన విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ, గ్లిజరిన్ కలిపి, తడి కుంచె తగలగానే కరిగే మెత్తని బిళ్లలను తెచ్చింది. చిత్రకారుడు గది విడిచి ఏటిగట్టుకు నడవడం సులభమైంది. తెలుగునాట రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతో ఎదిగిన దామెర్ల రామారావు 1925లో, ఇరవై ఎనిమిదవ ఏటనే కన్నుమూసినా ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేశాడు. ఆయన సహాధ్యాయి అడివి బాపిరాజు కుంచెనూ కలాన్నీ సమానంగా నడిపాడు. తుమ్మపూడిలో జీవించిన సంజీవదేవ్ (1914–1999) పల్లెటూరు కళాసాధనకు అడ్డంకి కాదని తన జీవితంతోనే నిరూపించాడు.

ఇక ఎంపిక. అంగడిలో 24 రంగుల పెట్టె కంటికి ఇంపుగా ఉంటుంది. నేర్చుకొనేవారికి 12 రంగులే ఎక్కువ. పసుపు, ఎరుపు, నీలం రెండేసి చొప్పున, వాటికి తోడు రెండు మట్టిరంగులు ఉంటే మిగిలినవన్నీ కలుపుకోవచ్చు. నిమ్మపండు ఛాయ గల పసుపుతో నీలం కలిపితే లేత చిగురు పచ్చ వస్తుంది. బంతిపూల ఛాయ గల పసుపుతో కలిపితే ముదురాకు పచ్చ వస్తుంది. మూత తెరిస్తే రంగులు కలుపుకొనే పళ్లెంగా మారే పెట్టె ప్రయాణానికి అనువైనది. రంగు నిలిచేదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కాగితంపై రంగుపట్టీలు వేసి, సగభాగాన్ని నల్లకాగితంతో కప్పి, రెండు నెలలు ఎండ తగిలే కిటికీలో ఉంచాలి. తెరచి చూస్తే వెలిసిపోయే రంగు తానే బయటపడుతుంది. కుంచె విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ముంగిస వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జంతువు. దాని వెంట్రుకల కుంచెల వ్యాపారం నేరం. మొన చక్కగా నిలిచే కృత్రిమ నార కుంచె ఒకటి చాలు. పెట్టెలో మిగిల్చిన డబ్బును మంచి కాగితానికి వెచ్చించడం వివేకం.

వాడకంలో మొదటి పాఠం నిగ్రహం. ఈ పద్ధతిలో తెలుపు పెట్టెలో ఉండదు, కాగితంలో ఉంటుంది. తెల్లగా ఉండవలసిన చోటును ముందే విడిచిపెట్టాలి. లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత. ఒక పూత ఆరేవరకు మరొకటి తాకరాదు. కుంచె కడగడానికి ఒక పాత్ర, రంగు కలపడానికి శుభ్రమైన నీటితో మరొకటి ఉండాలి. మార్టూరు వేసవిలో పూత క్షణాల్లో ఆరిపోతుంది కనుక తెల్లవారుజామే అనుకూల సమయం. పని ముగిశాక బిళ్లలు ఆరనిచ్చి మూత వేయకపోతే బూజు పడుతుంది.

రెండవ పాఠం చూపు. పత్తిపువ్వు విచ్చిన రోజు లేత పసుపు, మరునాడు గులాబి. కల్లంలో పరచిన మిరపకాయల్లో ఎరుపు ఒక్కటి కాదు. కొత్తగా కోసినదాని మెరుపు వేరు, ఎండినదాని ముదురు వేరు, తాలుకాయల పాలిపోయిన తెలుపు వేరు. రాశి నీడ నలుపు కాదు, ఎరుపులో నీలం కరిగిన ఛాయ.

ఈ భేదాలు చిత్రకారునికే కావలసినవి కావు. గుంటూరు యార్డులో మిరప ధర పలికేటప్పుడు కాయ రంగుకు ఎంతో విలువ ఉంటుంది. అకాలవర్షానికి తడిసిన కాయ రంగు మాసిపోతే, ఏడాది కష్టమూ దానితోనే మాసిపోతుంది. మబ్బు పట్టగానే తండ్రి పరుగెత్తి పట్ట కప్పి కాపాడుకొనే ఎరుపూ, బిడ్డ కాగితం మీద కలపబోయే ఎరుపూ ఒక్కటే. రెండు మూడు కాగితాలు చెడిపోయిన తరువాత, అది ఎంత కష్టపడితే వచ్చే రంగో ఆ బిడ్డకు తెలుస్తుంది.