మంత్రి ఎవరు? శకటు ఎవరు?



2022లో మామల్లపురంలో చదరంగ ఒలింపియాడ్ జరిగిన నాటి నుండి ఆరణిలోని మా తెలుగు పిల్లలకు ఆ ఆటపై మక్కువ పెరిగింది. అందుచేత కాయలను మేమే చేసుకోవాలని పూనుకున్నాము.

నలుచదరపు కర్రముక్కపై పక్కపక్కనున్న రెండు ముఖాల మీద కాయ రూపం గీయాలి. గుర్రానికి మాత్రం ఒక ముఖాన పక్క రూపు, మరొక ముఖాన ఎదుటి రూపు. స్క్రోల్ సా అనే సన్నని బ్లేడు గల రంపపు మరతో మొదట ఒక ముఖం కోయాలి. ఊడిన తునకలను పారవేయకండి! రెండవ గీత వాటిమీదనే ఉంటుంది. వాటిని యథాస్థానంలో ఉంచి, టేపు చుట్టి, ముక్కను తిప్పి కోయాలి. తొలినాడు తునకలను ఊడ్చివేసి రెండు గుర్రాలను పాడుచేసిన అనుభవం నాది.

కోత నాది, గీత పిల్లలది. ప్రతి కాయ అడుగున దాని పేరు తెలుగులో వ్రాయమన్నాను. ఒక బాలిక ఐమూలగా నడిచే శకటు అడుగున 'మంత్రి' అని వ్రాసి తెచ్చింది. దిద్దబోయి ఆగిపోయాను. తమిళంలో మంత్రి అంటే ఆ కాయే. మన మంత్రిని వారు రాణి అంటారు. ఇంట తెలుగే మాట్లాడే ఆమెకు శకటు అన్న మాట ఎవరు చెప్పారు గనుక? 2006 నాటి చట్టంతో తమిళం ఒకటవ తరగతి నుండి అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. తమిళం రావలసిందే, కాదనను. కాని మిగిలిన కొద్ది వేళలో మేము పాఠమే చెబుతున్నాము, ఆటల మాటలు చెప్పడం లేదు.

ఆ కాయ అడుగున ఇప్పుడు రెండు పేర్లూ ఉన్నాయి. మీ పెద్దలు దానిని ఏమని పిలిచేవారో తెలియజేయండి. ఇంకా కాస్త చోటుంది.