ఆదోని దారిలో తీపి లేని ద్రాక్ష

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన షాపులో దొరకని సరుకు ఒక్కటే. అది వైన్! నమ్మకపోతే ఆదోనిలో అడిగి చూడండి. నేను అడిగాను. కౌంటరు వెనక కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "బ్రాందీ ఉంది, బీరుంది. వైనంటే ఏందన్నా?" అన్నాడు. "తెల్లది, డ్రైది" అన్నాను. "డ్రై డే నాడు షాపే తీయం కదన్నా!" అన్నాడు. పక్కనున్నవాళ్లు గొల్లుమన్నారు.

నా గొడవ తాగుడు గురించి కాదు సుమండీ! ఎమ్మిగనూరులో నాకో డిగ్రీ నాటి స్నేహితుడున్నాడు. ఇంట్లో మగ్గం, ఊరి బయట మూడెకరాల ఎర్రచేను. పత్తి వేస్తే పురుగు, ఉల్లి వేస్తే ధర లేదు. రెండేళ్లు బెంగుళూరు వెళ్లి కట్టడం పని చేసొచ్చాడు. అక్కడెవరో చెప్పారట, హంపి కొండల్లో మన తెలుగు దంపతులు ద్రాక్షతోట వేసి వైన్ తీస్తున్నారని. అది మొదలు నాకు ఫోన్లే ఫోన్లు. "వాళ్ల నేలా ఎరుపే, మా నేలా ఎరుపే. నువ్వు పత్రికలోడివి గదా, కనుక్కోబ్బా!"

వాడు విన్నది నిజమే. హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలో కొప్పళ జిల్లా హంపి కొండల్లో తోట వేశారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి 'క్రిస్మా' అని పెట్టారు. ఆయన గ్రాన్యూల్స్ మందుల కంపెనీ స్థాపించినవారు. భార్యాభర్తలిద్దరూ అంటార్కిటికాతో సహా ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరుగెత్తినవాళ్లు. మన హీరోలు పాట కోసం ఖండాలు దాటుతారు, వీళ్లు పరుగు కోసం దాటారు! సొంత తోటలో పండిన ద్రాక్షతోనే వైన్ చేస్తారు. ఎర్రవాటితోపాటు సోవిన్యాన్ బ్లాంక్ అనే ఫ్రెంచి రకంతో తెల్ల వైనూ ఉంది. నేనడిగిన డ్రై అదే.

డ్రై అంటే మన భాషలో పొడి. సీసాలో ఉన్నది పొడి ఎలా అవుతుంది? ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాలుగా మారుస్తుంది. చక్కెర దాదాపు పూర్తిగా అయిపోయేదాకా తిననిస్తే తీపి మిగలదు. అదే డ్రై. ఇక రంగు ఉండేది తొక్కలో. తొక్కతో కలిపి ఊరనిస్తే ఎర్ర వైను. కాయను పిండగానే తొక్క తీసేసి, రసాన్ని స్టీలు ట్యాంకుల్లో 15 డిగ్రీల అటూ ఇటూ చల్లగా పులియనిస్తే తెల్లది. ఎండకు కాయ వేడెక్కితే వాసన చెడుతుంది గనుక చాలాచోట్ల తెల్లవారకముందే కోత ముగిస్తారు.

బెంగుళూరులో ఒక మిత్రుని ఇంట్లో ఆ తెల్లవైను రుచి చూశాను. నిమ్మతొక్క, పచ్చిమామిడి, అప్పుడే కోసిన గడ్డి గుర్తొచ్చాయి. తీపి కోసం నాలుక వెతుక్కుంది, దొరకలేదు! మన సినిమా విలన్ గటగటా తాగే బాపతు కాదిది. అన్నట్టు 'దేవదాసు' (1953)లో అక్కినేని తాగింది కూడా మందు కాదు. మత్తు కళ్ల కోసం పెరుగన్నం తిని, నిద్రమొహంతో రాత్రి షూటింగులు చేశానని ఆయనే చెప్పుకున్నారు.

సరే, అసలు కథ. ఆదోనిలో ఉగ్గాని బజ్జీ తిని రైలెక్కాను. గుంతకల్లులో మారి, బళ్లారి మీదుగా హోస్పేట. దారి పొడుగునా అదే ఎర్రమట్టి, పేర్చినట్టున్న అవే బండలు. ఆదోని కోట ఒకప్పుడు విజయనగరం వాళ్లదే. 1520 ప్రాంతంలో హంపి చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్, ఒక పణానికి మూడు ద్రాక్షగుత్తులు, పది దానిమ్మలు వచ్చేవని రాశాడు. రాయలవారి బజారులోనే ద్రాక్ష ఉందన్నమాట! తేడా మట్టిలో లేదు.

తేడా నీళ్లలో ఉందేమో అనుకుంటూ హోస్పేటలో తుంగభద్ర డ్యామ్ మీదికి వెళ్లాను. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు పారే దిగువ కాలువ పుట్టేది ఇక్కడే. చివరి ఊళ్లకు చేరేసరికి అది కాలువో, కాలువ జ్ఞాపకమో తెలీదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మావాడు నిద్రపోలేదట. అయితే ద్రాక్షకు కాలువ అక్కర్లేదు, డ్రిప్పు చాలు. నీళ్లు తక్కువిస్తేనే కాయ రుచి చిక్కబడుతుంది. ఇంతవరకూ మావాడి లెక్క కరెక్టే.

ఇంటర్వెల్ తర్వాతే కథ తిరిగింది. ఫ్రాన్సులో తీగ చలికాలమంతా నిద్రపోతుంది. మన దగ్గర ఆ నిద్ర లేదు. కోతయ్యాక వేసవిలో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి కత్తెర వేయాలి. ఫిబ్రవరి, మార్చిలో కోత. స్తంభాలు, తీగలు, డ్రిప్పు పైపులు, మందులు కలిపి ఎకరాకు లక్షలు. చెప్పుకోదగ్గ పంటకు మూడేళ్లు. పోనీ అప్పు చేసి వేశాడే అనుకోండి, వైన్ ద్రాక్ష మనం తినే ద్రాక్ష కాదు. చిన్న కాయ, మందపు తొక్క, నిండా గింజలు. ఫ్యాక్టరీ కొనకపోతే బజారులో బుట్టెడు కూడా పోదు. మహారాష్ట్ర 2001లోనే వైన్ విధానం తెచ్చింది. నాసిక్ రైతులు ఉత్సాహంగా తోటలు వేశారు. 2008 తర్వాత గిరాకీ పడిపోయి, కొంటామన్న కంపెనీలు కొన్ని చేతులెత్తేస్తే, కాపు కాసే తీగలను పీకేసుకున్నవాళ్లున్నారు. కర్ణాటక 2007లో తన విధానం తెచ్చి వైన్ బోర్డు పెట్టింది. మావాడి చేను ఉన్నది సరిహద్దుకు ఇవతల.

ఎమ్మిగనూరు వెళ్లి ఇదంతా చెప్పాను. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఊరది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. మావాడి నాన్న మగ్గం ఆపకుండానే విని, "నూలు మనమే కొని, మనమే నేసి, కొనేవాడు లేక కూర్చున్న ఏండ్లు చూసినా. సంఘం ఉండబట్టి బతికినాం. దీనికి సంఘం యాడుంది?" అన్నాడు. అంత సూటి ప్రశ్న నాకే తట్టలేదు.

వాళ్లమ్మ మాత్రం లెక్కల జోలికే రాలేదు. "మాయన్నను సారా మింగింది నాయనా. సారా వద్దని ఆడోళ్లం అంగడి ముందర కూసుంటిమి. ఇప్పుడు మన చేన్లోనే ఆ చెట్టు పెడతాడా వీడు?" అంది. దూబగుంట ఆడవాళ్లు 1992లో రాజేసిన నిప్పు, 1995లో రామారావుగారు మద్యనిషేధం పెట్టేదాకా మండింది. ఆ నిషేధం 1997లో పోయింది. ఆవిడ కోపం పోలేదు. అది పులిసిన రసం, సారా కాదు అని చెప్పబోయాను. అన్నను పోగొట్టుకున్న మనిషికి డ్రైకీ స్వీటుకీ తేడా చెప్పడమేమిటని ఊరుకున్నాను.

మావాడు సాయంత్రం నన్ను చేను దగ్గరికి తీసుకెళ్లాడు. గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఈ ఏడు మళ్లీ పత్తే వేశాడు. అనంతపురం వైపు నుంచి తెచ్చిన నాలుగు తినే ద్రాక్ష అంట్లు మాత్రం బోరు పక్కన నాటాడు, పందిరి కర్రలతో సహా. "ఇవి అమ్మకు చెప్పినాలే" అన్నాడు, చెంబుతో నీళ్లు పోస్తూ. మూడో అంటుకు అప్పుడే రెండాకులు వచ్చాయి.