నిప్పుతో ఆట... ఆకాశమే హద్దా?

విమానం రన్‌వే మీదుగా దూసుకొస్తుంది. అది అలా దాటుతుండగానే కింద 'ఢాం... ఢాం...' అంటూ వరస పేలుళ్లు. కళ్లు మూసి తెరిచేలోగా నారింజరంగు మంటలు గోడలా లేస్తాయి. ఎక్కడో దూరాన కూర్చున్నవారి ముఖాలకు కూడా వేడి తగులుతుంది. చంకలో చంటివాడు కెవ్వుమంటాడు. నాన్నేమో చప్పట్లు కొడుతుంటాడు! అమెరికాలో ఎయిర్‌షోలకు వెళ్లే కుటుంబాలకు ఇది బాగా అలవాటైన దృశ్యం.

నిజానికి ఆ విమానం ఏ బాంబూ వేయదు. రన్‌వేకి అవతల సిబ్బంది ముందుగానే పెట్రోలు నింపిన సంచులను వరసగా పేరుస్తారు. వాటి కింద పేలుడు పదార్థం నింపిన తాడు పరుస్తారు. విమానం సరైన చోటికి రాగానే మీట నొక్కుతారు. తాడు పేలి పెట్రోలును తుంపరలుగా ఎగజిమ్ముతుంది, ఆ తుంపరలు భగ్గుమంటాయి. చూసేవాడికి మాత్రం బాంబుదాడి జరిగినట్టే ఉంటుంది. మన సూర్యకిరణ్ విమానాలు వదిలే రంగుల పొగకూ దీనికీ సంబంధం లేదు. అక్కడ వేడి ఇంజిన్ వాయువుల్లోకి నూనెను వదులుతారు, అది ఆవిరై తెల్లటి చారగా మారుతుంది. అది పొగే, పేలుడు కాదు.

దీపావళినాడు ప్రతి ఇంట్లోనూ పెద్దలు ఒక మాట చెబుతారు. 'తుస్సుమన్న చిచ్చుబుడ్డి మీదికి వంగి చూడకురా' అని. ఎయిర్‌షోలోనూ మొదటి సూత్రం అదే. పేలకుండా మిగిలినదే అన్నిటికన్నా ప్రమాదకరం. పిడుగులు, స్థిర విద్యుత్తు, రేడియో తరంగాలు... వీటిలో దేనివల్లనైనా విద్యుత్ వత్తి అనుకోకుండా అంటుకోవచ్చు. గాలి దిశ మారితే పొగ పైలట్ కళ్లకు అడ్డం పడుతుంది. మంటల నుంచి లేచే వేడిగాలి, తక్కువ ఎత్తులో ఎగిరే చిన్న విమానాన్ని కుదిపేస్తుంది. అందుకే మీట నొక్కే మనిషికీ, ఆకాశంలోని విమానాలను నడిపించే అధికారికీ మధ్య మాట ఒక్క క్షణం కూడా తెగకూడదు. విమానాల వేగాన్ని బట్టి వాటికీ జనానికీ మధ్య 500 నుంచి 1500 అడుగుల దూరం ఉండాలన్నది అమెరికా నిబంధన.

ఇన్ని జాగ్రత్తలున్నా ఒక చిక్కు మాత్రం మిగిలిపోతోంది. అది మందుగుండులో లేదు, మన మనసులో ఉంది!

2022 జులై 2న మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో ఎయిర్‌షో జరుగుతోంది. మూడు జెట్ ఇంజిన్లు బిగించిన 'షాక్‌వేవ్' అనే ట్రక్కు రెండు విమానాలతో పందెం వేసి రన్‌వే మీద పరుగెత్తింది. గంటకు దాదాపు 480 కిలోమీటర్ల వేగం. పక్కనే మందుగుండు పేలింది, మంటలు లేచాయి. ఆ వెంటనే ట్రక్కు అదుపు తప్పి ముక్కలైంది. దాన్ని నడుపుతున్న నలభై ఏళ్ల వ్యక్తి ప్రాణాలు కోల్పోయాడు. యాంత్రిక లోపమే కారణమని ఆయన తండ్రి చెప్పారు. కానీ చూస్తున్నవారిలో కొందరు, ఆ మంటలు కూడా ప్రదర్శనలో భాగమేననుకున్నారు!

ఇక్కడే ఆగి ఆలోచించాలి. పెద్ద మంటను చూస్తే మనిషి భయపడతాడు, పరుగెత్తాలనుకుంటాడు. ఆ భయాన్ని వేడుకగా మార్చి, మంటలకు చప్పట్లు కొట్టించడమే ఈ ప్రదర్శనల కిటుకు. పది ఉత్తుత్తి పేలుళ్ల మధ్య పదకొండోది నిజమైతే? దాన్ని పోల్చుకోవడానికి పట్టే ఒక్కో క్షణానికీ విలువుంది. ప్రేక్షకుడు ఆలస్యంగా గ్రహిస్తే పోయేదేముంది అనుకోవచ్చు. కానీ ఆ పొగలోంచే అగ్నిమాపక సిబ్బంది కూడా చూడాలి కదా!

నేల మీద ఎండుగడ్డి ఉంటే కథ మరోలా ఉంటుంది. 2007 మేలో న్యూజెర్సీలో ఎఫ్-16 యుద్ధవిమానం శిక్షణలో జారవిడిచిన ఒక ఫ్లేర్ వల్ల అడవి అంటుకుని 17 వేల ఎకరాలకు పైగా తగలబడింది. మన బెంగళూరులో 2019 ఫిబ్రవరిలో ఏరో ఇండియా పార్కింగ్ స్థలంలో సుమారు 300 కార్లు కాలిపోయాయి. అక్కడ మందుగుండు ఏమీ లేదు. ఎండుగడ్డి, గాలి, దగ్గరదగ్గరగా నిలిపిన బళ్లు... అవే చాలాయి. అలాంటి మైదానం పక్కన పెట్రోలు సంచులు పేల్చేవాళ్లు ఎంత ఆలోచించాలి!

అసలు ఎగరడంలోనే ఎంతో సాహసం ఉంది. 2010 మార్చి 3న బేగంపేటలో నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ బృందం విన్యాసాలు చేస్తుండగా ఒక విమానం బోయినపల్లిలో కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. హైదరాబాద్ ఆ రోజును మరిచిపోలేదు. ఏ పేలుళ్లూ లేకుండానే ఆ వీరులు ప్రాణాలను పణంగా పెట్టారు. అలాంటి విద్యకు కింద నుంచి మంటల అలంకారం అవసరమా అన్నది నిర్వాహకులు వేసుకోవాల్సిన ప్రశ్న.

చూడ్డానికి వెళ్లే మనకూ కొన్ని పనులున్నాయి. తాడు కట్టిన గీత దాటకూడదు. ప్రదర్శన అయ్యాక నేల మీద దొరికే గొట్టాలు, తీగల ముక్కలను పిల్లలు జ్ఞాపకంగా ఏరుకోకుండా చూడాలి. బయటికి దారి ఎటో కూర్చోకముందే గమనించాలి. మైకులో 'వెనక్కి జరగండి' అని వినిపిస్తే సెల్‌ఫోన్ వీడియో ఆపి జరగాలి. అది కూడా ఆటలో భాగమేమో అనుకుంటూ నిలబడిపోకూడదు.