సిద్దిపేట అంగడిలో అరటికాయ

సిద్దిపేటకు రైలుబండి వచ్చునని మన యమ్మమ్మలతో నెవరైన ననియుండిన, వారు నవ్వి యూరకుండెడివారు. ఆ యూరివారికి తరతరములుగా ఎడ్లబండియు, పిదప మోటారు బస్సునే గతి. 2023 అక్టోబరు 3వ తేదీన సికింద్రాబాదు సిద్దిపేటల నడుమ మొదటి బండి నడచినది. రాజీవ్ రహదారి మీదుగా బస్సునందు పోయిన నూఱు కిలోమీటర్ల లోపు దూరమే యగుటచే వేగముగా చేరవచ్చును. అయినను క్రొత్త దారి చూడవలెనను ముచ్చటతో మేము రైలునే యెన్నుకొంటిమి. మనోహరాబాదు దాటిన పిమ్మట బండి మెల్లగా పల్లెలలోనికి తిరిగినది. గజ్వేలు మీదుగా పోవుచుండ మొక్కజొన్నచేలు, పత్తిచేలు, వానిమధ్య నెవరో పేర్చి మఱచిపోయినట్లున్న గుండ్రాళ్ళ గుట్టలు కనబడినవి.

సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లాకు ముఖ్యపట్టణమైనది. అంతకుముందు మెదకు జిల్లాలోని యూరు. గొల్లభామ బొమ్మ నేసిన చీరలకు పుట్టినిల్లు. ఊరి యంచుననే కోమటిచెరువు కలదు. సాయంకాలము కట్టమీద ఆడువారు పిల్లలతో నడచుచుందురు. నీటిమీద వ్రేలాడు వంతెన యొకటి యున్నది. ఈ నేల పూర్వము చెరువులను, బావులను నమ్ముకొని బ్రతికిన మెట్టనేల. చేరువనే చంద్లాపురము కడ మూడు టీఎంసీల నీరు పట్టు రంగనాయకసాగరమును 2020లో ప్రారంభించిరి. చీరలను గూర్చియు, చెరువులను గూర్చియు వ్రాసినవారు పెక్కురు కలరు. మేము చెప్పదలచినది వేఱు.

ఏ యూరికేగినను గుడికంటె ముందు కూరగాయల యంగడి చూచుట మా యలవాటు. ఒక యూరి యాడువారి బుద్ధికుశలతయు, బీదతనమును గంపలలోనే తెలియునని మా నమ్మకము. ఇచట గోంగూర పుంటికూర, సొరకాయ ఆనిగెపుకాయ, బంగాళాదుంప ఆలుగడ్డ. గోకరకాయలు, చిక్కుళ్ళు రాసులుగ నున్నవి. వాని నడుమ నొక ముసలవ్వ ముందు పచ్చని బొంత అరటికాయలు నాలుగైదత్తములు మాత్రమే యున్నవి. అరటి నీరెక్కువ కోరు పంట. తెలుగుసీమలో దానికి కోనసీమ, కడప, అనంతపురములు పేరొందినవి. రావులపాలెపు టంగడిలో గెలలు గోడలవలె నిలుచును. ఇచట నది యాలుగడ్డవలె నిత్యపు కూర కాదు. కావుననే కాబోలు, అవ్వ దానిని కూరగా గాక మందుగా నమ్ముచుండెను.

"తీస్కో బిడ్డా! అరటికాయ తింటె రక్తం పడ్తది. కోసి సూడు, నల్లగయితది. అండ్ల ఇనుము ఉన్నది కాబట్టే నల్లగయితది."

ఈ మాట సిద్దిపేట యవ్వ యొక్కతెయే యనునది కాదు. చదువుకొన్న యిండ్లలోను మేము వినుచున్నాము. తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల వయసుగల యాడువారిలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో తేలినది. అట్టి చోట "రక్తం పడ్తది" యను మాట సామాన్యమైనది కాదు. దానిని విని యూరక పోవుటకు మాకు మనసొప్పలేదు.

అరటికాయలో నున్న దేమి? మన హైదరాబాదునందే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో మెకారిసన్ దొర కూనూరులో నెలకొల్పిన పరిశోధనాలయమే 1958లో నిచటికి తరలివచ్చినది. ఆ సంస్థవారి పాత పట్టిక ననుసరించి, నూఱు గ్రాముల పచ్చి అరటికాయలో 83 గ్రాములు నీరే. పిండిపదార్థము 14 గ్రాములు, మాంసకృత్తులు 1.4, క్రొవ్వు లేదన్నమాట. శక్తి 64 కాలరీలు. అదే పండైనచో 116 కాలరీలు. సి విటమిను 24 మిల్లీగ్రాములు గలదు గాని, ఉడికించినపుడు కొంత పోవును. పొటాసియము బాగుగ నున్నది. అందుచే మూత్రపిండముల వ్యాధిచే పొటాసియము తగ్గించుకొనుమని వైద్యులు చెప్పినవారు అడిగి తినవలయును. మఱి ఇనుము? అమెరికా వ్యవసాయశాఖవారి పట్టికలలో నూఱు గ్రాములకు ఒక మిల్లీగ్రామైనను లేదు. గర్భిణికి దినమునకు 27 మిల్లీగ్రాములు కావలయునని మన భారత వైద్యపరిశోధన మండలివారు 2020లో నిర్ణయించియున్నారు.

ఇనుము లేదని అరటికాయను నిందింపరాదు. దాని గొప్పతనము పిండిలో నున్నది. పచ్చికాయలోని పిండి పండునప్పుడు చక్కెరగా మారును. మారకమునుపు అది చిన్నప్రేవులలో నంత సులభముగ నరగదు. అరగక పెద్దప్రేవులకు చేరి, అచటి మంచి సూక్ష్మజీవులకు ఆహారమగును. అవి దానిని పులియబెట్టి ప్రేవుల లోపొరకు బలమిచ్చు ఆమ్లములను పుట్టించును. ఇట్లు అరుగుదల కెదురునిలుచు పిండికి 1982లో కేంబ్రిడ్జిలోని ఎంగ్లిస్టు మున్నగువారు ప్రత్యేకముగ పేరు పెట్టిరి. అయితే ఒక మెలిక యున్నది. ఉడికించినచో ఈ గుణము చాలభాగము పోవును. చల్లారినపుడు కొంత తిరిగివచ్చును. పచ్చి అరటికాయ యన్న పండనికాయయే గాని వండనికాయ కాదు గదా! అయినను పండుకంటె మెల్లగ నరగుటచే, చక్కెరవ్యాధి గలవారికి పండుకంటె నిది మేలు. నూనెలో తేలించిన బజ్జీలకు మాత్రము ఈ మాట చెల్లదు.

అరటికాయ పిల్లలకు చేయు మేలు ఢాకా నగరమందలి వైద్యులు పరీక్షించి చూపిరి. వారు 2001లో ప్రకటించిన పరిశోధనలో, చాల దినములుగ విరేచనములు కట్టని యైదు మొదలు పండ్రెండు మాసముల శిశువులకు, ఉడికించిన పచ్చి అరటికాయను అన్నముతో మెదిపి పెట్టిరి. మూడవ నాటికి నూటికి 59 మందికి నయమైనది. ఉత్త అన్నమే తినినవారిలో 15 మందికే. నాల్గవ నాటికి 82, 23. ఇది మన పెద్దలకు క్రొత్తమాట కాదు. కడుపు జారినపుడు అరటికాయ పెట్టుట పల్లెలలో నున్న వాడుకయే. అయినను తల్లులు గుర్తుంచుకొనవలసినది, విరేచనములలో శిశువును చంపునది శరీరమునుండి నీరుపోవుట. ఓఆర్‌ఎస్ ద్రావణము, జింకు మాత్ర, తల్లిపాలు ముందు. అరటికాయ వానికి తోడు. రక్తము పడినను, బిడ్డ మగతగ నున్నను ఆసుపత్రికే పోవలయును.

మేము దిగిన యింట ఈ చర్చ కేవలము చర్చగా నిలువలేదు. ఆ యింటి బిడ్డ ఏడవనెల గర్భముతో పురిటికి పుట్టినింటికి వచ్చియున్నది. ముఖము పాలిపోయి, మెట్లెక్కిన ఆయాసపడుచుండెను. ప్రొద్దున అరటికాయ కూర, మధ్యాహ్నము అరటికాయ కూర. మేము కారణ మడుగగా తల్లి యనెను:

"దవాఖానల ఎర్రగోలీలు ఇచ్చిన్రు అక్కా! ఏస్కుంటె కడుపుల తిప్పుతున్నదంటది. నల్లగ పోతున్నదని భయపడి గూట్ల పెట్టింది. అందుకె రోజు ఇదే వండి పెడ్తున్న."

ఆ గూటిలో మాత్రల పట్టీలు మూడు, ఒకదానిలో రెండు తప్ప నన్నియు అట్లే యున్నవి. గర్భిణులకు ప్రభుత్వమిచ్చు ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల యినుమును, ఫోలిక్ ఆమ్లమును కలవు. నాలుగవ మాసమునుండి 180 దినములు వాడవలయునని నియమము. అంత యినుము అరటికాయలలో రావలెనన్న, ఆ తల్లి దినమునకు ఆఱు కిలోల కంటె నెక్కువ వండవలసియుండును. ఈ లెక్క చెప్పగా ఆమె నవ్వి, "అట్లయితె నల్లగ ఎందుకైతది?" అనెను. న్యాయమైన ప్రశ్న.

ఒక కాయను రెండుగా కోసి, ఒక సగమును పళ్ళెములో నుంచి, రెండవసగమును మజ్జిగనీటిలో వేసితిమి. కొంతసేపటికి మొదటిది నల్లబడినది. రెండవది తెల్లగనే యున్నది. ఇనుమే నలుపునకు కారణమైనచో మజ్జిగలో వేసినంతనే అది యెటుపోయినది? కాయలోని వగరు పదార్థములు గాలి సోకి, కాయలోనే యున్న యొక కిణ్వముచేత నల్లబడును. పులుపు ఆ కిణ్వమును పనిచేయనీయదు. వంకాయయు, ఆలుగడ్డయు నల్లబడుట కిదియే హేతువు. ఇనుప కత్తిపీటకు పట్టు నల్లని మరకలో నినుమున్నది గాని, అది కాయది కాదు, కత్తిది.

ఆ బిడ్డకు మేము చెప్పినది ఇంతే. మాత్ర వలన మలము నల్లబడుట సహజము, హాని లేదు. కడుపు త్రిప్పినచో భోజనానంతరము, రాత్రి పరుండబోవు ముందు వేసికొనవచ్చును. చాయ త్రాగిన గంటలోపల గాని, సున్నపు మాత్రతో గాని కలిపి మ్రింగరాదు. నిమ్మనీటితో మ్రింగుట మేలు. అప్పటికిని ఓర్వలేనిచో గూట బెట్టక, నర్సమ్మతో చెప్పి మందు మార్పించుకొనవలయును. అంగన్‌వాడీలో గర్భిణులకు గ్రుడ్డు, పాలు, భోజనము పెట్టు ఆరోగ్యలక్ష్మి పథకము 2015లో తెలంగాణమున మొదలైనది. సిగ్గుపడక పోయి తినుట మంచిది. ఆమె మాటాడలేదు గాని, రాత్రి భోజనమైన పిమ్మట నిమ్మకాయ కోయుచుండగా చూచితిమి.

ఇక తల్లి యడిగిన రెండవ ప్రశ్న: "మరి ఇనుము కూరల రానే రాదా?" వచ్చును, ఇనుప మూకుటినుండి. ఇథియోపియాలో ఇనుపపాత్రలలో వండుకొనిన యిండ్ల పిల్లల నెత్తురు, అల్యూమినియము పాత్రల యిండ్ల పిల్లలకంటె మెఱుగుపడినట్లు 1999లో ప్రకటితమైన యొక పరిశోధన తెల్పుచున్నది. పులుపుగల కూర యైనచో ఇనుము మఱింత దిగును. ఇది మాత్రకు బదులు కాదు, తోడు మాత్రమే. ఆమె అటకమీదినుండి అత్తగారి కాలపు ఇనుప మూకుడు దింపి, చింతపండుతో తోమినది. అరటికాయ చెక్కు పైపైన గీసి, ముక్కలు మజ్జిగనీటిలో వేసి, ఉల్లి, పచ్చిమిరప తాళింపులో వాడ్చి, చింతపండు పులుసు పోసి ఉడికించి, దించుముందు వేయించిన నువ్వులపొడి చల్లినది. కూర నల్లనై చూపున కంత బాగుండలేదు గాని, రుచి బాగుగ నున్నది.

ఇనుప మూకుటిలో వండిన పుల్లని కూరను ఉడికిన వెంటనే వేఱు గిన్నెలోనికి తీయవలయును. లేనిచో లోహపు రుచి యెక్కి పిల్లలు తినరు. మూకుటిని కడిగి, తడి లేకుండ తుడిచి, లోపల నూనె చుక్క రాచి బోర్లించినచో త్రుప్పు పట్టదు.